ఇసుకలో ఊరు చూపించిన మామ్మ

మా కాలనీలో గుడి లేదు. కట్టాలని సంఘం వాళ్లు నాలుగేళ్లుగా అనుకుంటున్నారు గానీ, పార్కుకి వదిలిన స్థలంలో కట్టాలా, వాటర్ ట్యాంకు పక్కన కట్టాలా అన్నది తేలక ఆ పని అలాగే ఉండిపోయింది. అలాంటిది మూడు వారాల కిందట, శ్రీకాకుళం నుంచి మా బీరువా తెస్తున్న ఆటో అతను ఫోన్ చేసి, "మేడమ్, అమ్మోరి గుడి కాడున్నాను. ఇక్కణ్నుంచి ఎటు రావాల?" అని అడిగాడు.

ఏ గుడి, ఎక్కడి గుడి అన్నాను. మలుపులో ఎవరినో అడిగితే, చేత్తో చూపించి, అమ్మోరి గుడి దాటి రెండో సందు అని చెప్పారట. గుడి కనబడుతోందా అంటే లేదన్నాడు. ఎదురుగా నీలం రంగు గేటున్న మేడ ఉందన్నాడు. నేను చెప్పులేసుకుని వెళ్లి అతన్ని తీసుకొచ్చాను. అతను సరిగ్గా ఆ నీలం గేటు ముందే ఆగి ఉన్నాడు.

బీరువా దించి అతను వెళ్లిపోయాక నాకు ఏ పనీ తోచలేదు. ఆ గేటు ముందు పదేళ్లపాటు ప్రతి ఉదయం ఒక ముసలావిడ చెప్పులు విడిచి, కాస్సేపు నిలబడి, మళ్లీ తొడుక్కుని ముందుకు నడిచేది. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. ఆవిడ చెప్పేది మనసు పెట్టి విన్నదాన్ని నేనొక్కదాన్నే అనుకున్నాను ఇన్నాళ్లూ. మలుపులో ఉన్నవాళ్లకి ఆ గుడి సంగతి ఎలా తెలిసిందో నాకు తెలియదు.

అసలు మా కాలనీ ఎక్కడుందో చెప్పడమే కష్టం. ముప్పై ఏళ్లు పిల్లలచేత పటాలు గీయించిన సోషల్ టీచర్ని నేను. ఆ నేనే మా ఇంటికి దారి చెప్పమంటే తడబడతాను. విజయనగరం నుంచి శ్రీకాకుళం వెళ్లే హైవే మీద దిగి, సముద్రం వైపు ఏడెనిమిది కిలోమీటర్లు రావాలి. జీడితోటలు, సరుగుడు తోటలు, రొయ్యల చెరువులు దాటాక ఒక ఆర్చి వస్తుంది. ఆర్చి మీద ఒక పేరు. మా దస్తావేజుల్లో ఇంకో ఊరి పేరు. కరెంటు బిల్లు మీద మరొకటి. ఫోన్లో మ్యాప్ తెరిస్తే మా ఇల్లు గట్టుకి వందగజాల దూరాన నీళ్లలో కనబడుతుంది.

స్థలం కొన్నప్పుడు లేఅవుటు వాళ్లు ఇక్కడ ఎప్పుడూ ఏమీ లేదని చెప్పారు. ఇసుక, దాని మీద సరుగుడు, అంతే. ఆ మాట మా ఆయనకి బాగా నచ్చింది. గరివిడిలో ఫ్యాక్టరీ ఉద్యోగం చేసి, అక్కడి పొగ, అక్కడి దుమ్ము, ఆ క్వార్టర్ల ఇరుకు అన్నీ చాలనిపించిన మనిషి. ఎవరూ కాపరం చెయ్యని నేల మీద ఇల్లు కట్టుకుందామన్నారు. అలాగే కట్టుకున్నాం.

గృహప్రవేశం అయిన మూడో రోజున ఆవిడ వచ్చింది. తల మీద చేపల గంప, చేతిలో మూత పెట్టిన సత్తు గిన్నె. మేడ మీంచి చూస్తున్నాను. అప్పటికి కాలనీలో పది ఇళ్లు కూడా లేవు, అన్నీ రాళ్లు పాతిన ఖాళీ స్థలాలే. ఆవిడ రోడ్డు మీద రాలేదు. స్థలాల మధ్య నుంచి అడ్డంగా వస్తోంది. పోనీ దగ్గరి దారనుకుందామంటే తిన్నగానూ రావడం లేదు. నాలుగడుగులేసి పక్కకి తప్పుకుంటోంది, ఏదో గోడ చుట్టి వచ్చినట్టు. ఒకచోట గంప దించి, రెండు చేతులా పట్టుకుని, తల బాగా కిందకి వంచి రెండడుగులు వేసి మళ్లీ తలెత్తింది. అక్కడ ఇసుక తప్ప మరేమీ లేదు. నడుం నొప్పి కాబోలు అనుకున్నాను.

గేటు దగ్గరికొచ్చి, ఇల్లు పైనుంచి కిందకి చూసి, "కొత్త కోడలి ఇంటికాడ దిగినారేటి మీరు?" అంది.

నేను కోడల్ని కాదు, అప్పటికే నా కూతురికి పెళ్లయిందని చెప్పాను. ఆవిడ నవ్వలేదు. ఇది కొత్త కోడలి ఇల్లేనని, అవతలది వలలోడిదని, ఆ నీలం గేటు (అప్పటికి ఇంకా రంగు వెయ్యలేదు) అమ్మోరి గుడి అని, ఏ లెక్కా లేకుండా చేత్తో చూపించేసింది. తర్వాత నెత్తళ్లు తీసుకుంటావా అని అడిగింది. తీసుకున్నాను.

ఆవిడ పేరు నేను ఎప్పుడూ అడగలేదు. అందరూ మామ్మ అనేవారు, నేనూ అలాగే పిలిచాను. నన్ను పంతులమ్మా అనేది. రోడ్డుకి అవతల, రొయ్యల చెరువుల పక్కన ఉన్న పల్లెలో కొడుకు ఇంట్లో ఉండేది. బక్కపల్చటి మనిషి. ముక్కుకి రెండువైపులా ముక్కుపుడకలు. మాట్లాడేటప్పుడు మన మొహం చూసేది కాదు, మన భుజం మీంచి వెనక్కి చూసేది, అక్కడ ఎవరో నిలబడి వింటున్నట్టు. మొదట్లో నేను రెండు మూడుసార్లు వెనక్కి తిరిగి చూసుకున్నాను కూడా. చేపలు తూచేటప్పుడు త్రాసు ఎటు మొగ్గినా పట్టించుకునేది కాదు, పైన ఇంకో రెండు చేపలు పడేసేది. బేరం ఆడినవాళ్లతో మాత్రం ఆ రోజంతా మాట్లాడేది కాదు.

ఇక్కడ ఊరుండేదని ఆవిడ మాట. చుట్టిళ్లు, అంటే గుండ్రంగా గోడ లేపి తాటాకు నేల దాకా దించిన ఇళ్లు, నలభైయో యాభైయో ఉండేవట. గుమ్మాలు ఎంత పొట్టివంటే తల వంచకపోతే చూరు తగిలేదట. ఖాళీ స్థలంలో ఆవిడ ఎందుకు వంగిందో నాకు అప్పుడు తెలిసింది. తెలిశాక మేడ మీంచి చూడ్డం మానుకోలేకపోయాను. రోజూ అదే చోట వంగేది. ఆ స్థలంలో ఒకాయన ఇల్లు మొదలుపెట్టి పునాది తవ్వించాక, ఆ గోతి అంచున నిలబడి కాస్సేపు చూసి, చుట్టు తిరిగి వచ్చింది. ఆ రోజు చేపలు సగం అమ్ముకుని వెళ్లిపోయింది.

మరి ఆ ఊరు ఏమైంది? ఇక్కడే నా బుర్ర తిరిగేది. మొదటిసారి అడిగినప్పుడు సముద్రం వచ్చి తీసుకుపోయిందంది. ఆరు నెలల తర్వాత, సముద్రం రాలేదు, ఇసుకే గాలికి కొట్టుకొచ్చి కప్పేసిందంది. మరోసారి, మాయదారి జబ్బొచ్చి రోజుకి ఇద్దరు ముగ్గురు పోతుంటే మిగిలినవాళ్లు తట్టాబుట్టా పట్టుకుని లోపలికి వెళ్లిపోయారంది. ఇంకోసారి అడిగితే అమ్మోరు కల్లోకొచ్చి పొమ్మందని చెప్పింది. ఏది చెప్పినా అంతే నమ్మకంగా, అన్నే చిన్న చిన్న వివరాలతో చెప్పేది. సముద్రం వచ్చిన రోజున కోళ్లన్నీ ఇళ్ల మీదకి ఎక్కాయని చెప్పింది. ఇసుక కప్పినప్పుడు పొద్దున్న లేచేసరికి తలుపు తెరుచుకోక లోపల్నుంచి తాటాకు కోసుకుని బయటపడేవాళ్లమని చెప్పింది. నేను అన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకునేదాన్ని. మామ్మా, పోయినసారి వేరేలా చెప్పావు కదా అంటే విసుక్కునేది కాదు. "అదీ జరిగినాది, ఇదీ జరిగినాది," అనేది.

ఊరంటే పటంలో గుర్తుండాలి కదా అని మా స్కూలు లైబ్రరీలో ఉన్న పాత జిల్లా పటం తీసి చూశాను. మా కాలనీ ఉన్న చోట చుక్కలు చుక్కలుగా ఇసుక గుర్తు ఉంది. ఊరి పేరేమీ లేదు. ఆ పటం నేనే ఏళ్ల తరబడి పిల్లలకి చూపించాను. ఎవరిని నమ్మాలో తెలియక పటం మడిచి పెట్టేశాను.

మేం దిగిన మూడో వేసవిలో బోర్లలో నీళ్లు ఉప్పెక్కాయి. మొదట టీ విరిగింది. తర్వాత పప్పు ఉడకడం మానేసింది. ఒక్కో ఇల్లే ట్యాంకరు కోసం ఎదురుచూడ్డం మొదలుపెట్టింది. ఇద్దరు ఇళ్లకి తాళాలేసి విజయనగరం వెళ్లిపోయారు. ఇళ్లు అమ్ముదామంటే కొనేవాడు ముందు కుళాయి తిప్పి నోట్లో పోసుకుని చూస్తున్నాడు. మా ఆయన పైకి ఏమీ అనేవారు కాదు గానీ, సాయంత్రాలు గరివిడిలో ఉన్న స్నేహితులకి ఫోన్లు ఎక్కువయ్యాయి.

మా సంఘం ప్రెసిడెంటు రైల్వేలో గార్డుగా చేసి రిటైరైన మనిషి. గట్టి మనిషి, గొంతూ గట్టిదే. బోరు లోతుకి వెళితే ఉప్పే వస్తుందని, పూర్వం ఇక్కడ ఊరుంటే మంచినీళ్ల నుయ్యి ఉండే ఉంటుందని, అది ఎక్కడో తెలిస్తే అక్కడ తవ్వి వరలు దింపుదామని ఆయన ఆలోచన. అంతకుముందు ఆ ఊరి మాటెత్తితే నవ్విన మనిషే. మామ్మని అడిగే పని నాకు అప్పగించారు.

అడిగాను. ఆవిడ ఆలోచించకుండా పార్కు స్థలంలోకి నడిచి, ఒక చోట కాలి బొటనవేలితో ఇసుకలో గీసింది. పదిమంది కూలీలు రెండు రోజులు తవ్వారు. నీళ్లు పడ్డాయి. ఉప్పు.

మళ్లీ అడిగాను. ఈసారి వాటర్ ట్యాంకు దగ్గరికి తీసుకెళ్లింది. అక్కడ తవ్వితే ఒక మనిషి లోతున కుండ పెంకులు బయటపడ్డాయి. వాటి కింద విరిగిన రుబ్బురోలు ముక్క, బూడిద, గవ్వలు. కాలనీ అంతా వచ్చి గోతి చుట్టూ నిలబడింది. పటంలో లేని ఊరు ఇదిగో అనుకున్నాను నేను. మామ్మ మాత్రం ఆ రోలు ముక్కని చేత్తో తుడిచి, తిప్పి తిప్పి చూసి, ఎవరిదో పోల్చుకోలేకపోయినట్టు మొహం పెట్టింది. ఇంకా కిందకి తవ్వితే నీళ్లొచ్చాయి. మొదటి గోతి కంటే ఉప్పు.

అప్పుడు ప్రెసిడెంటుగారు అందరి ముందూ ఆవిడ్ని అబద్ధాలకోరు అన్నారు. చేపలమ్ముకునే మనిషి మాట పట్టుకుని రెండుసార్లు బుర్ర తక్కువ పని చేశామన్నారు. ఆ మాట ఆవిడకి ఎంత తగిలిందో నాకు తెలియదు. ఆవిడ ఆయన మొహం చూడలేదు, ఆయన భుజం మీంచి వెనక్కి చూసింది. గంప ఎత్తుకుంది. నేను నోరు తెరిచి ఒక్క మాట అనలేదు. ఆవిడ్ని అక్కడికి తీసుకొచ్చిందాన్ని నేను. రోలు బయటపడింది కదండీ అని ఒక్క మాట అంటే సరిపోయేది.

నెల రోజులు ఆవిడ కాలనీకి రాలేదు. వేరే ఆవిడ చేపలు తెచ్చేది, రోడ్డు మీద తిన్నగా వచ్చి తిన్నగా వెళ్లేది.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం, మా ఆయన ఇంట్లో లేనప్పుడు, గంప లేకుండా వచ్చింది. అంతవరకూ ఎన్నిసార్లు పిలిచినా గుమ్మం దాటని మనిషి చెప్పులు విడిచి లోపలికి వచ్చేసింది. హాల్లో సోఫాలు, టీవీ దేన్నీ చూడలేదు. వంటింట్లోంచి పెరట్లోకి దిగి, బట్టలుతుకే బండకీ ప్రహరీకీ మధ్య ఆగింది. రెండు చేతులూ ముందుకు చాచి, ఒక చేతి మీద ఒక చెయ్యి వేస్తూ తాడు లాగినట్టు లాగింది.

"ఇదీ," అంది.

నాకు కోపం వచ్చింది. అంత కోపం ఆవిడ మీద ఎప్పుడూ రాలేదు. తెలిసి కూడా ఆ రెండు చోట్లా ఎందుకు తవ్వించావు, అన్ని మాటలు ఎందుకు పడ్డావు అని అడిగాను.

ఆవిడ బండ మీద కూర్చుంది. "పెరట్లో నుయ్యుంటే ఆ ఇంటోలికి సుకం నేదు పంతులమ్మా. ఊరంతా నీ వంటింట్లోంచే నడుస్తాది. అందుకని ఆ రెండూ ముందు సూద్దారనుకున్నాను. అవి కాకపోతే ఇదే అవ్వాల."

నన్ను కాపాడ్డానికి ఆవిడ అబద్ధం చెప్పిందా, లేక ఆవిడకే తెలియక వెతుకుతోందా అన్నది ఆ మాటలో నాకు తేలలేదు. ఎవరికీ చెప్పకు, నీ ఇష్టమైతే తవ్వుకో, లేకపోతే లేదు అని వెళ్లిపోయింది. నేను పన్నెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకి కూడా. బట్టలు ఉతుకుతూ ఆ నేల వంక చూసేదాన్ని. పక్కింటి పిల్ల బిందె పట్టుకుని ట్యాంకరు వెనక పరిగెత్తడం చూసిన రోజున ఇక ఉండబట్టలేక చెప్పేశాను.

తవ్వారు. పద్దెనిమిది అడుగుల దగ్గర నీళ్లు పడ్డాయి. మొదటి చేద పైకి రాగానే ప్రెసిడెంటుగారు పుక్కిలించి, ఉప్పే అన్నారు. మా ఆయన తాగి, తియ్యగానే ఉన్నాయన్నారు. నాకు ఒక గుక్క తీపి, ఒక గుక్క ఉప్పు అనిపించింది. నలుగురూ తాగి నాలుగు రకాలుగా చెప్పారు. ఆఖరికి ప్రెసిడెంటుగారి భార్య, అంతవరకూ ఏమీ మాట్లాడని మనిషి, ఒక బిందె పట్టుకెళ్లి కందిపప్పు పడేసింది. గంట తర్వాత గిన్నె పట్టుకొచ్చి చూపించింది. పప్పు ఉడికింది. ప్రెసిడెంటుగారు గరిటెతో కెలికి చూసి, తన భార్య సోడా వేసి ఉంటుందన్నారు. ఆవిడ ఆయన్ని చూసిన చూపుకి అందరం పక్కకి తిరిగాం.

తెల్లారి మామ్మని పిలిపించాను. ఇదేనా కాదా, నువ్వు తాగి చెప్పు, నీకు ఆ రుచి తెలుస్తుంది కదా అన్నాను. చేద వంచి ఆవిడ దోసిట్లో పోశాను. ఆవిడ తాగింది. కాస్సేపు నోట్లో ఉంచుకుని మింగింది. నేను ఎదురుచూస్తున్నాను.

"నాకెలాగ తెలుస్తాది? నానెప్పుడు తాగినాను?" అంది.

నాకు అర్థం కాలేదు. అప్పుడు మొదటిసారి నా మొహంలోకి తిన్నగా చూసి చెప్పింది. "నాను బారువ కాడ పిల్లని. కాపరానికొచ్చీతలికి ఈ ఊరు నేదు. ఇసకే."

ఆవిడ నెమ్మదిగా, మామూలుగా చేపల ధర చెప్పినట్టు చెప్పుకుపోయింది. ఈ ఊళ్లో కాపరం చేసింది ఆవిడ అత్తగారు. ఊరు పోయేనాటికే ఆవిడకి చూపు తగ్గిందట, తర్వాత పూర్తిగా పోయింది. కొత్తగా వచ్చిన కోడల్ని చెయ్యి పట్టుకుని రోజూ ఇక్కడికి నడిపించుకురమ్మనేదట. ఇసుకలో నిలబడి, ఇది ఫలానా వాళ్లిల్లు, ఇక్కడ తల వంచు, ఇక్కడ చెప్పులు విడు అని చెప్పేదట. వంచిందో లేదో కోడలి తల మీద చెయ్యి పెట్టి తడిమి చూసేదట. అప్పటికి మామ్మకి పదహారో పదిహేడో. మొదట్లో భయం, తర్వాత అలవాటు. అత్తగారు పోయాక మానెయ్యొచ్చు గానీ, కాళ్లు వాటంతటవే ఆగిపోయేవట.

సముద్రం వచ్చిన కథా, ఇసుక కథా, జబ్బు కథా అన్నీ అత్తగారు చెప్పినవే. ఆవిడ ఏ రోజు ఎలా ఉంటే అలా చెప్పేదట. మరి ఈ నుయ్యి, ఆ గుడి, వలలోడి ఇల్లు, ఇవన్నీ ఇక్కడే అని నీకెలా తెలుసు అని అడిగాను. అడక్కుండా ఉండాల్సింది.

"అదే నాకూ తెల్దు," అంది. "ఆవిడ గుడ్డిదాయె. ఇన్నడుగులు ఇటు, ఇన్నడుగులు అటు అనేది. నానెక్కడ నిలబెడితే అక్కడే ఊరు సూసుకునీది. నాను తిన్నగా నడిపించేనో, పిల్లతనానికి అడ్డంగా నడిపించేసినానో, ఎవులు సెప్తారు ఇప్పుడు?"

ఎన్నేళ్లుగానో ఆవిడ మోస్తున్న భయం అది అని నాకు తోచింది. ఏమైనా చెప్పాలి కదా. రోలు బయటపడింది కదా మామ్మా, ఊరు నిజమే కదా అన్నాను. ఊరు నిజమే, అంది. ఎక్కడన్నదే తెల్దు, అంది.

ఆ నుయ్యి ఇప్పటికీ ఉంది. వానాకాలం పప్పు ఉడుకుతుంది, ఎండాకాలం ఒక్కో ఏడు ఉడకదు. ఆవిడ చెప్పినట్టే ఊరంతా నా వంటింట్లోంచి నడిచింది, చివరికి మా ఆయన ప్రహరీకి వేరే తలుపు పెట్టించారు. ఇళ్లు అమ్మేస్తామన్నవాళ్లు అమ్మలేదు. ప్రెసిడెంటుగారి ఇంటికి మామ్మ మళ్లీ చేపలు వెయ్యడం మొదలుపెట్టింది. ఆయన క్షమించమని అడగలేదు, ఆవిడ ఎదురుచూసినట్టూ కనబడలేదు. ఆయన గేటు ముందు కుర్చీ వేసుకుని కూర్చుని, ఆవిడ ఖాళీ స్థలాల్లోంచి వస్తుంటే చూసేవారు. ఒకసారి నాతో, ఆవిడ ఇవాళ రెండు చోట్లే వంగిందండీ, మూడోచోట వంగలేదు, ఒంట్లో బాగులేదేమో అన్నారు.

ఇళ్లు పెరిగాయి. ఆవిడ నడిచే దారులు ఒక్కొక్కటే మూసుకుపోయాయి. ఆఖరి రెండేళ్లూ రోడ్డు మీదే నడిచేది, కాకపోతే రోడ్డు మీద కూడా పక్కకి తప్పుకునేది. స్కూటర్ల వాళ్లు హారన్ కొట్టేవారు. పోయిన వానాకాలం మొదట్లో, చేపల గంప దించుకుని ఇంటి అరుగు మీద కూర్చుందట. కోడలు లోపలికెళ్లి టీ తెచ్చేలోగా పోయింది. నాకు మూడు రోజుల తర్వాత తెలిసింది.

మా కాలనీ సంఘానికి పదేళ్లు నిండాయని చిన్న పుస్తకం వేస్తున్నారు. ఉనికి, చరిత్ర అని ఒక పేజీ నన్ను రాయమన్నారు. ఉనికి దగ్గరే ఆగిపోయాను. నా నోటు పుస్తకంలో ఊరు నాలుగు రకాలుగా పోయింది. ఒక గుడ్డి మనిషి చెప్పగా, ఒక కొత్త కోడలు నడవగా, నేను రాసుకున్న ఊరు. దాన్ని ఎక్కడ ఉందని రాయను? ప్రెసిడెంటుగారు రెండుసార్లు అడిగారు. అయిపోవచ్చిందని చెప్పాను.

పోయిన ఆదివారం మామ్మ కోడలు మా ఇంటికి వచ్చింది. రొయ్యల ఫ్యాక్టరీలో పని చేస్తుంది, ఆదివారమే సెలవు. మనిషి ఎప్పుడూ తొందరలో ఉన్నట్టుంటుంది. కూర్చోమంటే కూర్చోలేదు. మామ్మ బతికుండగా తను ఎప్పుడూ ఈ ఊరి సంగతి వినలేదని, వినే తీరికా లేకపోయిందని చెప్పింది. ఎప్పుడైనా మామ్మని అడిగితే పంతులమ్మకి అన్నీ చూపించాను, ఆవిడ్నడుగు అనేదట. ఏడాది కర్మ దగ్గరపడుతోంది. భర్త గుజరాత్‌లో, వేరావళ్‌లో బోటు మీద ఉన్నాడు, వస్తాడో రాడో తెలియదు. పాత ఊళ్లో మన ఇల్లెక్కడో ఒకసారి కనుక్కో అని ఫోన్లో అడిగాడట.

సరే అని బయల్దేరాను. నుయ్యి చూపించాను. నీలం గేటు చూపించాను. వలలోడి ఇల్లు, ఇంకా గుర్తున్నవన్నీ చూపించాను. ఆ అమ్మాయి చున్నీ నడుముకి బిగించుకుని, ఒక్కో దగ్గర ఆగి, తల ఊపుతూ వచ్చింది. రెండు సందులు తిరిగాక, "మాదెక్కడండి?" అని అడిగింది.

అప్పుడు తట్టింది నాకు. పదేళ్లలో మామ్మ నాకు ఊళ్లో ప్రతి ఇల్లూ చూపించింది, తన అత్తవారి ఇల్లు మాత్రం ఎప్పుడూ చూపించలేదు. నేనూ అడగలేదు. ఎందుకు చూపించలేదో, అది అత్తగారే చెప్పలేదో, చెప్పినా ఈవిడ నమ్మలేదో, ఇప్పుడు అడగడానికి మనిషి లేదు.

తెలియదమ్మా అని చెప్పడానికే నోరు తెరిచాను. ఆ అమ్మాయి నా మొహం చూస్తోంది, ఎండలో చెమట పట్టి, ఉన్న ఒక్క సెలవు రోజూ ఇక్కడ పెట్టుకుని. మా ఎదురుగా ఇంకా ఎవరూ కట్టని స్థలం ఒకటి ఉంది, సరుగుడు మొక్కలు నాలుగు, మిగతా అంతా ఇసుక. నా చెయ్యి దానంతటదే లేచింది.

"అదిగో, అక్కడే," అన్నాను.

ఆ అమ్మాయి వెళ్లి మధ్యలో నిలబడింది. అటూ ఇటూ చూసి, ఇసుక మీద చతికిలబడి కూర్చుంది. తర్వాత ఫోన్ తీసి నాలుగు పక్కలా ఫొటోలు తీసి, అక్కడే కూర్చుని పంపించింది. నేను రోడ్డు అంచున నిలబడి, ఎంత పని చేశాను అనుకుంటున్నాను. వెంటనే వెళ్లి చెప్పేస్తే బాగుంటుందా, ఇంటికెళ్లాక చెబితే బాగుంటుందా అని తర్జనభర్జన పడుతుండగానే ఫోన్ మోగింది. అవతల మోటారు చప్పుడు, గాలి చప్పుడు నాకు వినబడుతున్నాయి. ఆ అమ్మాయి విని, నవ్వి, లేచి నా దగ్గరికి వచ్చింది.

"ఆయన గుర్తుపట్టినాడండి. అదేనంతన్నాడు," అంది.

అతను పుట్టేనాటికి ఆ ఊరు లేదు. వాళ్లమ్మే చూడలేదు. ఏం గుర్తుపట్టాడు, ఇసుకనా, ఆ నాలుగు సరుగుడు మొక్కలనా? చిన్నప్పుడు మామ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి చూపించిందా? లేక నాలాగే అతనూ కాదనలేకపోయాడా? ఆ అమ్మాయి ఫోన్ నా చేతికిచ్చింది.

"పంతులమ్మగారూ," అన్నాడు అతను, గాలిలో గట్టిగా. "మాయమ్మ మీకు సరిగ్గానే సూపించినాదండి."

అవును బాబూ, అన్నాను.